నలభై అయిదు మైళ్ల దగ్గర వణుకు

మోటారు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు అడిగేది పనిముట్ల గురించి. ఏ స్పానర్లు మంచివి, జాకీ ఎక్కడ కొనాలి, మద్రాసులో ఏ వీధిలో సామాను నమ్మకంగా దొరుకుతుంది. నాకు తెలిసింది చెబుతాను. చెప్పగానే లేచి వెళ్లిపోతారు. బండి తెచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. వాళ్లను తిట్టి లాభం లేదు, ఆ వయసులో నేనూ ఎవరినీ అడగలేదు. అడక్కపోవడం వల్ల ఒక పెద్దమనిషి బతుకు మీదికి తెచ్చాను. అది చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్కన ఉన్న ఒక వర్క్‌షాపులో నేను చేరినప్పుడు నయాపైసలు వచ్చిన కొత్త. అరవైలు గడిచిపోయేదాకా అక్కడే ఉన్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, హెడ్ మెకానిక్‌ని ఎప్పుడయ్యాను అనేవి మా ఇంట్లోవాళ్లకే గుర్తులేవు, మీకెందుకు? పని సంగతి చెబుతాను.

కడిగాకే చెయ్యి

మా యజమాని మొదలియార్ గారు మద్రాసులో పని నేర్చుకుని నెల్లూరులో స్థిరపడ్డ మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా. రోజంతా బళ్ల మధ్యనే తిరిగేవారు, సాయంత్రానికి ఆ చొక్కా మీద ఒక్క మరక కనిపించేది కాదు. మాకు మాత్రం పొద్దున తొమ్మిదికే మోచేతుల దాకా నలుపు. అది ఎలా సాధ్యమో చివరిదాకా మాకు అంతుబట్టలేదు.

ఆయన పెట్టిన నియమం ఒకటే. గేటు లోపలికి వచ్చిన బండి ముందు కడుగుడు గుంట మీదికి పోవాలి. ఇద్దరు మనుషులు పంపు గొట్టం పట్టుకుని పైనా, కిందా, చక్రాల లోపలా నీళ్లు కొట్టాలి. బండి ఆరాకే మెకానిక్ దగ్గరికి వస్తుంది. అప్పట్లో నెల్లూరులో అలా కడిగే షాపు మరొకటి లేదు. మిగతా షాపులవాళ్లు నవ్వేవాళ్లు. "ఏమప్పా, మురికిలో స్పానరు పెట్టేవాడికి పగులు కనిపిస్తుందా? నట్టు కనిపిస్తుందా?" అనేవారు మొదలియార్ గారు, తమిళం యాస కలిసిన తెలుగులో.

నియమం మంచిదే. ఇప్పటికీ అదే చెబుతాను. మట్టి రాలి బేరింగుల్లో పడితే బండికి చేసిన మేలు కంటే కీడు ఎక్కువ. ఆ నియమం చూసుకుని మేమంతా కొంచెం ఛాతీ విరుచుకుని తిరిగేవాళ్లం కూడా. మా షాపు నుంచి వెళ్లిన బండి పెళ్లికొడుకులా ఉంటుందని ఊళ్లో పేరు. ఆ పేరే నా కళ్లకు గంతలు కట్టింది.

వణుకు ఎక్కడ పుడుతుంది

కారు స్టీరింగు వణుకుతోందని ఎవరైనా వస్తే విప్పడానికి తొందరపడకండి. ఆ వణుకు ఎలాంటిదో ముందు తేల్చుకోండి.

బ్రేకు తొక్కినప్పుడే వణికితే డ్రమ్ము సంగతి చూడాలి. మెల్లగా పోతున్నా, జోరుగా పోతున్నా ఒకే తీరుగా ఎగిరితే టైరు ఎక్కడో ఉబ్బి ఉంటుంది, లేదా రిమ్ము వంగి ఉంటుంది. చేతుల కంటే కూర్చున్న సీటు ఎక్కువ అదిరితే వెనక చక్రాల వైపు నడవండి. స్టీరింగు తిప్పినా బండి ఆలస్యంగా తిరిగితే, రోడ్డు మీద అటూ ఇటూ తూలితే, ముందు ఇరుసు దగ్గరి కీళ్లు అరిగాయన్నమాట. ఇక నలభై మైళ్లు దాటాక మొదలై, నలభై అయిదు దగ్గర చేతులు నిలవనీయకుండా ఊపి, యాభై అయిదు దాటించగానే ఏమీ ఎరగనట్టు నెమ్మదించే వణుకు ఒకటుంది. అది నూటికి తొంభైసార్లు ముందు చక్రాల బరువు తేడా. చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైతే ఆ వేగం దగ్గర అది బండిని పట్టి ఊపుతుంది.

ఇప్పుడు దానికి మిషన్లున్నాయి. మా రోజుల్లో చక్రాన్ని జాకీ మీద లేపి, బ్రేకు తగలకుండా వదులు చేసి, చేత్తో తిప్పి వదిలేసేవాళ్లం. ఆగాక, అడుగున ఉన్న చోట సుద్దతో గీత గీసి మళ్లీ తిప్పేవాళ్లం. గీత ప్రతిసారీ అడుగుకే వచ్చి ఆగితే బరువు అక్కడుంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే చక్రంలో దోషం లేదు. దీనికి కావలసింది సుద్దముక్క, ఓపిక. మొదటిది షాపులో ఎప్పుడూ ఉండేది.

చేరిన రెండో ఏడో మూడో ఏడో, కృష్ణపట్నం రోడ్డులో తిరిగే ఒక టాక్సీ ఇలాంటి వణుకుతోనే వచ్చింది. డ్రైవరు ప్రమాణాలు చేసి మరీ ఏమీ ఎరగనన్నాడు. రెండు రోజులు ముందు భాగమంతా విప్పాను. చివరికి టైరు ఊడదీస్తే లోపల అరచేయంత పాత టైరు ముక్క కనిపించింది. టైరు చీలిపోతే కొత్తది కొనలేక తనే లోపల అతికించి, ఆ సంగతి దాచాడు పాపం. అతని లేమి నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకు అర్థమైంది ఒక్కటే, డ్రైవర్లు అబద్ధాలాడతారని. ఆ ఒక్కడి పాపం ఆ తరవాత వచ్చిన వాళ్లందరి నెత్తిన వేశాను.

మూడుసార్లు వచ్చిన బండి

బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లు ఉన్న చెంచురెడ్డి గారికి ఒక పెద్ద నల్ల కారు ఉండేది. దాని డ్రైవరు యేసురత్నం. యాభై దాటిన మనిషి, యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీలు తోలి వచ్చాడు. పదిహేనేళ్లుగా రెడ్డిగారి దగ్గరే. ఇస్త్రీ చొక్కా, తక్కువ మాట. కారు కిటికీ అద్దం తుడవడానికి ఒక బట్ట, తన ముఖం తుడుచుకోవడానికి ఒక బట్ట విడివిడిగా పెట్టుకునేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, అయినా నన్ను మేస్త్రీ అనే పిలిచేవాడు.

మొదటిసారి వచ్చి చెప్పాడు. "నలభై దాటినాక మొదలవతాది మేస్త్రీ. నలభై అయిదుకి స్టీరింగు చేతుల్లో నిలవడంలా. ఇప్పుడే, కోవూరు కాడ గూడా వణికినాది. అరగంట గూడా కాలా."

కారు కడిగారు, ఆరింది. నేనే ట్రంకు రోడ్డు మీద మనుబోలు వైపు తోలాను. నలభై, నలభై అయిదు, యాభై. స్టీరింగు మీద వేలు పెట్టి వదిలినా కదల్లేదు. తిరిగొచ్చి, "మా షాపు చూసి భయపడి మానేసిందేమో అన్నా" అన్నాను. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆయనా కాస్త నవ్వాడు. నవ్వి, "అరగంట ముందు వణికింది గదా" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది. చెవిన పడినంత మాత్రాన విన్నట్టు కాదు.

రెండు వారాలకు మళ్లీ వచ్చాడు. అదే మాట. ఈసారి కడిగాక చక్రాలు లేపి సుద్ద గీతలు గీశాను. గీత ఒకసారి పైన, ఒకసారి పక్కన ఆగింది. చక్రాలు భేషుగ్గా ఉన్నాయి. ఊరికే పంపడం ఇష్టంలేక ముందు కీళ్లు రెండు మార్చాను. అవి అరిగాయా అంటే కొద్దిగా అరిగాయి, అంతే. మార్చింది నా పరువు కోసం.

మూడోసారి చెంచురెడ్డి గారే కూడా వచ్చారు. కోపంగా లేరు. నన్ను పక్కకు పిలిచి, "ఏమయ్యా, మా ఆడవాళ్లూ పిల్లోళ్లూ ఎక్కే బండి ఇది. వెనక కూసోని చూస్తా ఉండా, యేసురత్నం చేతులు రెండూ వణకతా ఉండాయి. బండిలో దోషమా, మనిషిలోనా? ఉండేది ఉన్నట్టు చెప్పు" అన్నారు.

కారు కడిగించి ముగ్గురం బయల్దేరాం. యేసురత్నం తోలుతున్నాడు, పక్కన నేను, వెనక రెడ్డిగారు. నలభై అయిదు వచ్చింది. బండి నీళ్ల మీద పడవలా సాఫీగా పోతోంది. అప్పుడు ఆయన చేతుల వైపు చూశాను. వణుకుతున్నాయి. స్టీరింగు నిలకడగా ఉంది, దాని మీది వేళ్లు మాత్రం సన్నగా వణుకుతున్నాయి.

వెనక్కి వచ్చాక రెడ్డిగారు మళ్లీ అడిగారు. యేసురత్నం నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నేను కొంచెం గొంతు తగ్గించి ఉండాల్సింది. తగ్గించలేదు. "బండిలో ఏమీ లేదండీ" అన్నాను.

యేసురత్నం బట్ట తీసి ముఖం తుడుచుకున్నాడు. ఏ బట్టతో తుడుచుకుంటున్నాడో ఆ రోజు చూసుకోలేదు.

వారం తిరక్కుండానే తెలిసింది, ఆయన్ను స్టీరింగు మీంచి తప్పించి మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారని. వచ్చే నెల మద్రాసు నుంచి కొత్త డ్రైవరు వస్తాడు. జీతం తగ్గించలేదు, మనిషిని వీధిన పడేయలేదు. తమకు తెలిసినంతలో రెడ్డిగారు దయగానే చేశారు. కానీ పదిహేనేళ్లు ఆ కారు తోలిన మనిషి అదే ఊళ్లో, కాళ్లూ చేతులూ బాగుండగా, చేతులు పోయినవాడని అందరి నోటా అనిపించుకుంటూ గేటు దగ్గర కూర్చోవాలి. ఆయనకు ఇంకో పని తెలియదు. చేతులు వణికే డ్రైవరని పేరు పడితే జిల్లాలో మరెవరూ తాళం చెవి ఇవ్వరు. ఇదంతా నా ఒక్క మాట వల్ల.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు పెద్ద బాధ కలగలేదు. వయసైపోయింది, ఏం చేస్తాం అనుకుని అన్నం తిన్నాను.

పళ్లెం

మా అత్తగారి ఊరు బుచ్చిరెడ్డిపాలెమే. కొత్త డ్రైవరు ఇంకా రాకముందే, నెల మొదటి ఆదివారం నా భార్య పట్టుబట్టి అక్కడి చర్చికి తీసుకెళ్లింది. మొదటి ఆదివారం మాకు ప్రభురాత్రి భోజనం. రొట్టె పంచాక ద్రాక్షరసం పంచుతారు. గుండ్రటి పళ్లేనికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, ఒక్కో రంధ్రంలో బొటనవేలంత గాజు గ్లాసు. ముప్పై నలభై గ్లాసులుంటాయి, అన్నీ అంచుదాకా నింపి. సంఘ పెద్ద ఒకరు ఆ పళ్లెం పట్టుకుని వరస వరసకీ వస్తారు.

ఆ రోజు పళ్లెం పట్టుకుంది యేసురత్నం.

ఆయన ఆ చర్చిలో పెద్ద అని నాకు తెలియదు. ఎదుట పడాలంటే మొహం చెల్లక ముందు బెంచీ వెనక తల దించుకున్నాను. తరవాత తల ఎత్తి చూశాను, ఎందుకంటే చప్పుడు లేదు. గాజు గ్లాసులు ఒకదానికొకటి ఒరుసుకుంటే గలగలమని తెలిసిపోతుంది. మా నెల్లూరు చర్చిలో పళ్లెం ఏ వరసలో ఉందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఇక్కడ కింద నాపరాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఆడవాళ్ల వరసలో పసిపిల్లలు చేతులు చాపుతున్నారు, ఆయన వంగుతున్నాడు, లేస్తున్నాడు, పక్కకు తిరుగుతున్నాడు. ఒక్క గ్లాసు కిణుక్కుమనలేదు. తెల్లగుడ్డ మీద ఒక్క చుక్క పడలేదు.

నా ముందుకొచ్చి వంగాడు. ఆ చేతుల్ని అంత దగ్గరగా చూశాను. రాతి మీద పెట్టినట్టుంది పళ్లెం.

అప్పుడు తగిలింది దెబ్బ. ఆ రోజు కారులో ఆయన చేతులు వణికింది జబ్బు వల్ల కాదు. వెనక యజమాని, పక్కన నేను, ఇద్దరం కళ్లు పెట్టుకుని చూస్తుంటే భయంతో వణికాయి. పదిహేనేళ్ల కొలువు ఆ పది నిమిషాల్లో ఉందని ఆయనకు తెలుసు. ఎవరి చేతులు వణకవు? నాకు సిగ్గేసింది. రసం తాగి గ్లాసు బెంచీ మీద పెట్టాను, ప్రార్థనలో ఒక్క మాట మనసుకు ఎక్కలేదు.

ఆరాధన అయ్యాక బయట చింతచెట్టు కింద పట్టుకున్నాను. "అన్నా, నా వల్ల తప్పు జరిగింది" అన్నాను.

"పోనీలే మేస్త్రీ. మీరు చూసింది మీరు చెప్పినారు."

"చూసింది చెప్పాను. నిన్ను అడగాల్సింది అడగలేదు. ఆ వణుకు ఎప్పుడెప్పుడు వస్తుంది?"

ఆయన నా ముఖంలోకి చూశాడు, వేళాకోళం ఏమన్నా ఉందేమోనని. లేదని నమ్మకం కుదిరాక చెప్పాడు. "రోజూ రాదు. మా పెద్దాయన సంగం ఊరి కాడ పొలాలు చూసొచ్చినాక మర్నాడు వస్తాది. రెండు మూడు రోజులు గట్టిగా ఉంటాది. ఆమీద తగ్గతా పోతాది. ఒక్కోతూరి దానంతటదే పోతాది. మీ కాడికి తెచ్చినప్పుడల్లా కోవూరు దాకా వణికినాది. మీరు కడిగి ఎక్కేతలికి ఉండదు."

కడిగి ఎక్కేతలికి! ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. మూడుసార్లూ దోషాన్ని పంపు నీళ్లతో కడిగేసి, ఆ తరవాత దాని కోసం వెతికాను.

గేటు బయట

మర్నాడు మిల్లుకు వెళ్లి చెంచురెడ్డి గారికి చెప్పాను. నేను పొరబడ్డానని, ఇంకొక్కసారి చూడాలని, ఈసారి పొలాలకు తిప్పి తెచ్చాక, కడగకుండా చూడాలని.

"మూడుతూర్లు లేదన్నావు గదయ్యా?"

"అన్నానండీ. మూడుసార్లూ తప్పే."

"ఈతూరి గూడా లేకపోతే?"

"అప్పుడు మీ ఇష్టం. కానీ యేసురత్నమే తోలాలి. పొలాలకాడికి మెల్లగానే గదా పోయేది."

ఆయన ఒప్పుకున్నారు. నా మీద నమ్మకంతో కాదనుకుంటాను. ఆ మనిషిని గేటు దగ్గర రోజూ చూడటం ఆయనకూ బాధగానే ఉండి ఉంటుంది.

కాలువకు నీళ్లు వదిలిన రోజులు. ఆ సాయంత్రం సంగం దగ్గర కాలువ గట్టు మీద, చేల మధ్య బాటలో కారు తిరిగి వచ్చింది. యేసురత్నం అలవాటు ప్రకారం పై భాగమంతా కడిగి తుడిచి షెడ్డులో పెట్టాడు. చక్రాల లోపలి జోలికి పోవద్దని నేను చెప్పి ఉంచాను. మర్నాడంతా కారును కదల్చలేదు. మూడోనాడు పొద్దున మొదటి బస్సుకు నేను చేరుకున్నాను.

కోవూరు దాటి ట్రంకు రోడ్డు ఎక్కాం. ఈసారి రెడ్డిగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక కూర్చున్నాను. ఎడ్లబండ్లు తప్పుకున్నాక యేసురత్నం వేగం పెంచాడు. ముప్పై అయిదు, ఏమీ లేదు. నలభై, ఏమీ లేదు. ఈ ప్రయత్నం కూడా పోతే ఆయన్ను రెండోసారి చంపినవాణ్నవుతాను. నలభై మూడు దగ్గర స్టీరింగు సన్నగా జిలజిలలాడింది. నలభై అయిదు వచ్చేసరికి ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా ఊగుతున్నాయి.

"అయ్యా, మీరు పట్టుకోండి" అన్నాను వెనక నుంచి.

రెడ్డిగారికి తోలడం రాదు. పక్క నుంచి చెయ్యి చాపి స్టీరింగు అంచు పట్టుకున్నారు. ఆయన వేలి ఉంగరం స్టీరింగుకు తగిలి టకటకలాడింది. భుజం మీది కండువా జారిపోయింది. అయినా చెయ్యి తియ్యలేదు. తన చెయ్యి ఊగడాన్ని తనే చూస్తూ చాలా దూరం అలాగే పట్టుకుని కూర్చున్నారు. "ఇంక చాలు" అని ఆయన అనలేదు, ముందు ఎడ్లబండి అడ్డమొచ్చి యేసురత్నమే వేగం తగ్గించాడు.

పెన్న వంతెన దాటి నెల్లూరు షాపుకు వచ్చేసరికి మొదలియార్ గారు గేటులో నిలబడి ఉన్నారు. కడగకుండా చూస్తానని ముందురోజే చెప్పాను. ఆయన రాత్రంతా ఆలోచించినట్టున్నారు. "ఈ కోలంలో, కడగని ఈ వేషంతో, లోపలికి రాకూడదప్పా. రోడ్డు మీదే చూడు. చూశాక కడుగు, కడిగాక లోపలికి రా" అన్నారు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. రోడ్డు పక్కనే జాకీ వేశాను.

ఎడమ ముందు చక్రం లేపి తిప్పాను. ఆగిన చోట సుద్ద గీత. మళ్లీ తిప్పాను. గీత ఊగి ఊగి అడుగుకే వచ్చింది. ఆరుసార్లు తిప్పితే ఆరుసార్లూ అడుగుకే. చక్రం ఊడదీసి వెనక్కి తిప్పి రోడ్డు మీద పడుకోబెట్టాను. బయటి నుంచి అద్దంలా మెరిసే చక్రమే, లోపలి వైపు రిమ్ము గాడిలో ఒక పక్కన జానెడు పొడుగున నల్లరేగడి గడ్డకట్టి ఉంది. తడిమట్టి గాడిలో చేరింది. బండి నిలబెట్టాక అంతా అడుగుకు జారి అక్కడే ఎండింది. ఇటుకకు తీసిపోదు. నాలుగు రోజులు తిరిగితే పగిలి కొంచెం కొంచెంగా రాలిపోతుంది, అందుకే వణుకు దానంతటదే తగ్గేది. బకెట్టు, బట్ట పెట్టి కడిగితే ఆ గాడి కంటికి ఆనదు. మా పంపు దెబ్బకు మాత్రం ఆ మట్టి నిమిషంలో కరిగిపోతుంది.

ఉలి పెట్టి కొడితే గడ్డ ఊడి రెడ్డిగారి చెప్పుల దగ్గర పడింది.

యేసురత్నం దాన్ని చూసి నెమ్మదిగా అన్నాడు. "చక్రం లోపల కడగాల్సింది నేనే గదయ్యా. తప్పు నాదే. సోమరోడని అనుకోండి, పర్లేదు. చేతులు పోయినోడు అనిపించుకోకుంటే చాలు."

నేను ఏదో అనబోయాను. రెడ్డిగారు నా కంటే ముందే వంగి ఆ గడ్డ చేతిలోకి తీసుకున్నారు. వేళ్లతో చిదిమి చూశారు, పొలంలో మట్టి చూసే రైతులాగే.

"ఈ మట్టి నా చేలోది, యేసురత్నం" అన్నారు. "నిన్ను బురదలోకి తోలించింది నేను. తోలించి నిన్నే తప్పు పట్టినా. మనసులో పెట్టుకోబాక."

తాళం చెవి ఆయన జేబులోనే ఉంది. కొత్త డ్రైవరు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదని రోజూ తన దగ్గరే పెట్టుకుని, ఆ ఉదయం బయల్దేరేముందు ఇచ్చి, షాపు ముందు దిగగానే అడిగి తీసుకున్నారు. అది తీసి యేసురత్నం చేతిలో పెట్టారు. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. మొదలియార్ గారు గేటు దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. చక్రం బిగించాక మళ్లీ కోవూరు దాటేదాకా తోలుకొచ్చాం. నలభై అయిదు దగ్గర కారు నిద్రపోతున్నట్టు పోయింది.

ఇంక నేను చెప్పేది

మర్నాడు పొద్దున షాపుకు వెళ్లేసరికి కడుగుడు గుంట పక్కన కొత్త పలక వేలాడుతోంది. మొదలియార్ గారి దస్తూరీ. ముందు డ్రైవరుతో ఒక చుట్టు, ఆ తరవాత నీళ్లు అని. ఆ షాపు ఉన్నన్నాళ్లూ ఆ పలక అక్కడే ఉంది.

మీరు చేయాల్సింది కూడా అంతే. ఎప్పుడు వస్తుంది, ఎక్కడికి పోయొచ్చాక వస్తుంది, ఎప్పుడు పోతుంది అని అడగండి. అడిగి, చెప్పేది చివరిదాకా వినండి. డ్రైవరు ఎప్పుడైనా దాచొచ్చు, టాక్సీవాడు దాచినట్టు. దాచినా ఏదో అవసరం ఉండే దాస్తాడు, దొంగని చూసినట్టు చూడకండి. మీ పరీక్షలో దోషం దొరక్కపోతే దొరకలేదని చెప్పండి. లేదని మాత్రం చెప్పకండి. ఆ రెండు మాటల మధ్య ఒక మనిషి బతుకు ఉండొచ్చు.

యేసురత్నం ఆ తరవాత తొమ్మిదేళ్లు ఆ కారు తోలాడు, తనంతట తను చాలనుకునేదాకా. ఆయన్ను నేను క్షమించమని అడిగింది ఆ చింతచెట్టు కింద ఒక్కసారే. ఆయన పోనీలే అన్నాడు కానీ, అప్పటికి కారు సంగతి ఇంకా తేలలేదు. తేలాక ఏమంటాడో అని నాకు లోపల బెరుకుగానే ఉండేది.

తరవాతి నెల మొదటి ఆదివారం ఎవరూ బలవంతం చేయకుండానే బుచ్చిరెడ్డిపాలెం చర్చికి వెళ్లాను. ముందు వరసలు అయ్యాయి. పళ్లెం చప్పుడు లేకుండా నా దగ్గరికి వచ్చింది. గ్లాసు తీసుకుందామని చెయ్యి చాపాను. వేళ్లు నా మాట వినలేదు. గ్లాసు రంధ్రం అంచుకు తగిలి కిణుక్కుమంది, పక్కదానికి తగిలి మళ్లీ కిణుక్కుమంది. అంత నిశ్శబ్దమైన చర్చిలో అందరికీ వినబడేలా చప్పుడు చేసింది నా చెయ్యే. తల ఎత్తలేకపోయాను. యేసురత్నం పళ్లెం కొంచెం కిందికి దించి, నా చెయ్యి కుదురుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.